ముందరర్రలో మగ్గం గుంట

ఆ ఇంట్లో నేల సంగతి తెగేదాకా వచ్చింది స్నేహ పప్పు గిన్నెతో బోర్లా పడ్డ రోజున. వంటింట్లోంచి ముందరర్రలోకి వస్తుంటే పైకి లేచిన బండ అంచు కాలికి తగిలింది. గిన్నె ఒకవైపు పోయింది, మనిషి ఒకవైపు పడింది. పెద్ద దెబ్బ తగల్లేదు గానీ వేడి పప్పు మోచేతి మీద ఒలికి బొబ్బ లేచింది. పెళ్ళాం చేతికి మందు రాస్తూ రాజేశ్, ఈ బండలు పీకించి టైల్సు వేయిద్దామన్నాడు. ఆ మాట ఇదివరకు చాలాసార్లు వచ్చి పోయిందే. ఈసారి వచ్చి అక్కడే కూర్చుంది.

రాజేశ్ తండ్రి సాంబయ్య గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని ఉన్నాడు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో వింత కాదు గనక ఎవరూ ఆయన ముఖం చూడలేదు. చూసి ఉంటే ఆయన కళ్ళు లేచిన బండ మీద లేవని, అర్రలో ఒక పక్కన పాత చెక్కలు కప్పిన గుంట మీద ఉన్నాయని తెలిసేది.

అది మగ్గం గుంట. సిద్దిపేటలో పద్మశాలీల పాత ఇళ్ళల్లో ఒకప్పుడు అది లేని ఇల్లు లేదు. మగ్గం నేల మీద నిలుస్తుంది. నేసేవాడు గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేసి, అడుగునున్న తొక్కుడు కర్రలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతుంటాడు. పైన చేతులు బట్ట నేస్తాయి, చూసినవాళ్ళు చేతులనే మెచ్చుకుంటారు. కింద చీకట్లో కాళ్ళు ఏం చేస్తున్నాయో వంగి చూసేవాళ్ళు తక్కువ.

ఇల్లు సాంబయ్య తండ్రి సిద్ధయ్య కట్టించినది. మట్టిగోడలు, టేకు దూలాలు. పైన గూనపెంకులు పోయి రేకులు వచ్చాయి గానీ నేల మాత్రం మొదట పరిచిన షాబాదు బండలే. కొన్ని కుంగాయి, కొన్ని లేచాయి. వానాకాలం వస్తే సందుల్లోంచి చెమ్మ ఊరేది. ఏ బండ మీద అడుగేస్తే ఏ చప్పుడు వస్తుందో సాంబయ్య భార్య నర్సవ్వకు కళ్ళు మూసుకున్నా తెలుసు. వంటింట్లో ఉండి, వచ్చింది కొడుకో కోడలో బండ చప్పుడును బట్టి చెప్పేది.

మర్నాటికే మేస్త్రీ వీరయ్య వచ్చాడు. నీళ్ళు నింపిన పైపు పట్టుకుని ఈ మూల నుంచి ఆ మూలకు లెవలు చూశాడు. బండల మీదనే టైల్సు వేస్తే పని తొందరగా అవుతుందన్నాడు. కానీ నేల లేస్తుంది, తలుపులు కింద కోయాలి, వాకిలి కడప సగం మునిగిపోతుంది. ఆ ఒక్కమాటకు నర్సవ్వ అడ్డం తిరిగింది. శుక్రవారం శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టే కడపను నేలలో కలిపేస్తే, ఇక పసుపు టైల్సుకు రాయాలా అని అడిగింది. వీరయ్య నవ్వి, సరే అవ్వా, బండలన్నీ తీసేసి కిందికి తవ్వే వేద్దామన్నాడు. అట్లా ఆ సంగతి తెమిలింది. బాత్రూము వైపు నేల వాటం ఎటుండాలి, అరుగు ఎంత ఎత్తు లేపాలి, దానికి మొరం ఎన్ని ట్రాక్టర్లు కావాలి అన్నవి కూడా మాట్లాడుకున్నారు. చివరికి వీరయ్య గుంట దగ్గరికి వచ్చి కాలితో చెక్కను పక్కకు జరిపాడు.

"ముందుగాల దీన్ని పూడ్వాలె. మొరం పోసి, నీళ్ళు గొట్టి, దిమ్మిసతోని దిట్టంగ కొట్టాలె. ఆగమాగం పూడ్సి టైల్స్ ఏస్తె, గీడ మల్ల కుంగుతది."

ఆ మాట వినగానే సాంబయ్య లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలియలేదు. మేస్త్రీకి చాయ్ పెట్టమని, పాలు కొంచెం ఎక్కువ పోయమని నర్సవ్వకు చెప్పాడు. ఆమె వింతగా చూసింది. ఇంటికి వచ్చినవాళ్ళకు మర్యాదలు చెప్పే మనిషి కాదాయన.

రాజేశ్ మాత్రం చెక్కను మళ్ళీ యథాస్థానానికి జరిపాడు.

"గుంట ముట్టకుర్రి మేస్త్రీ. అది మా బాపుది."

అప్పుడు బయటపడింది రాజేశ్ మనసులో ఉన్న ప్లాను. అర్రంతా లేత రంగు టైల్సు. గుంట అట్లాగే ఉంటుంది. దాని చుట్టూ చీర అంచులాగా ముదురు రంగు పట్టీ. విప్పి గోడకు ఆనించిన మగ్గాన్ని మళ్ళీ గుంట మీద నిలబెట్టడం. చుట్టూ మూడు వైపులా నిలువెత్తు అద్దం, లోపల లైటు. స్నేహ పట్నంలో ఏదో చోట అట్లా చూసి వచ్చింది. ఆమె ఒక ప్రైవేటు బడిలో టీచరు. పిల్లలను నెలనెలా తీసుకువస్తానని, మామయ్య ఊరికే కూర్చుని నాలుగు పోగులు నేసి చూపిస్తే చాలునని అంది. గొల్లభామ చీర పేరు వినడమే గానీ, అది ఎట్లా పుడుతుందో సిద్దిపేట పిల్లలకే తెలియదని ఆమె బాధ. ఆ బాధలో అబద్ధం లేదు.

వీరయ్య సాంబయ్య వైపు తిరిగి, నీ అదృష్టమే అదృష్టం సాంబన్నా, బతికుండంగనే నీకు అద్దాల మేడ కడుతున్నడు నీ కొడుకు అన్నాడు. అందరూ నవ్వారు. సాంబయ్య కూడా పెదాలు కదిపాడు. చాయ్ వచ్చింది. ఆయన తాగలేదు.

చిన్నప్పుడు సాంబయ్య మేనమామ ఒకాయన సైకిలు వెనక తువ్వాళ్ళు, దోతులు మూటకట్టుకుని అంగళ్ళు తిరిగేవాడు. ఒకనాడు మిరుదొడ్డి, ఒకనాడు కోహెడ. బడి లేని రోజుల్లో సాంబయ్యను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవాడు. దారి పొడుగునా ఎవరో ఒకరు పలకరించడం, చెట్టు కింద సద్ది తినడం, బేరం తెగనివాళ్ళను మేనమామ వెనక్కి పిలిచే తీరు, ఇవన్నీ ఆ పిల్లవాడికి పండుగే. తానూ అదే పని చేస్తాననుకున్నాడు. ఇంట్లో అందరికీ చెప్పాడు కూడా.

తర్వాత సిద్ధయ్యకు కాళ్ళు పడిపోయాయి. ఊరికే నొప్పులని మొదట అన్నారు. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది, సావుకారికి ఇవ్వాలి. నాకు నయమయ్యేదాక కూర్చో బిడ్డా, తర్వాత నీ ఇష్టమున్న తావుకు పోదువు అన్నాడు తండ్రి. గుంట పెద్ద మనిషి కోసం తవ్వింది, పిల్లవాడి కాళ్ళు కర్రలకు అందలేదు. అందలేదని సాంబయ్య సంబరపడ్డాడు. తండ్రి ఒక చెక్క ముక్క చెక్కించి కర్రకు కట్టించాడు. కొన్నాళ్ళకు ఆ ముక్క అవసరం లేకుండా పోయిన రోజున, కాళ్ళు పెరిగాయని తల్లి మురిసిపోతుంటే, సాంబయ్య పెరట్లోకి పోయి ఏడ్చాడు. తండ్రికి నయం కాలేదు. ఆయన పోయాక తమ్ముళ్ళు, చెల్లె పెళ్ళి, తన పెళ్ళి, పిల్లలు. గుంటలోంచి లేవడానికి ఎప్పుడూ ఒక చీర అడ్డమే. అది దిగేలోగా ఇంకోటి ఎక్కేది.

ఆ చోటి నుంచి ఆయన చూసిన లోకం చిన్నది. ఎదురుగా పడుగు, దాని వెనక గోడ, గోడకు ఒక కిటికీ, పక్కన తలుపు. గడపలో నిలబడ్డవాళ్ళ మోకాళ్ళు మొదట కనిపించేవి, తల ఎత్తితే ముఖాలు. బాకీకి వచ్చినవాడైనా, పెళ్ళి పిలుపుకు వచ్చినవాడైనా, ఆయన కింద నుంచే జవాబు చెప్పాడు. వానలు పడితే గుంటలో నీళ్ళు ఊరేవి. నర్సవ్వ ముంతతో తోడి పోసేది, ఆయన తడి మట్టిలోనే కాళ్ళు పెట్టి తొక్కేవాడు. చలికాలం మోకాళ్ళలోంచి చలి మొలిచి వచ్చినట్టుండేది. ఇంత జరుగుతున్నా చెయ్యి మాత్రం మంచిదయింది. ఆయన నేసిన కొంగు మీద గొల్లభామ బొమ్మ తల ఎత్తిన తీరును చూసి, ఇది సాంబయ్య చేతిదే అని గుర్తుపట్టేవాళ్ళు. చెయ్యి మంచిదైన కొద్దీ గుంట లోతైంది.

వయసు మళ్ళాక ఒక సభలో శాలువా కప్పారు. అంతకుముందు చేనేత సంఘపాయన పక్కకు పిలిచి, ఆఫీసర్లు మాట్లాడమంటరు, రెండు మాటలు మంచిగ చెప్పాలె అని ఆ రెండు మాటలూ తానే నేర్పాడు. మైకు ముందు నిలబడ్డ సాంబయ్య నోట్లోంచి ఆ నేర్పినవే వచ్చాయి. మగ్గం మా తల్లి, గుంటలో కూర్చుంటే గుడిలో కూర్చున్నట్టే. చప్పట్లు మోగాయి. మర్నాడు పేపర్లో పడింది. రాజేశ్ ఆ ముక్కను కత్తిరించి అద్దం కట్టించి గోడకు తగిలించాడు. అప్పటినుంచి ఇంటికి ఎవరు వచ్చినా ఆ మాట చదివి, దండం పెట్టినంత పని చేసేవారు. కాదని ఎవరికి చెబుతాడు? శాలువా తిరిగి ఇస్తే తీసుకునేవాళ్ళు ఎవరున్నారు?

మగ్గం దిగి కొన్నేళ్ళయింది. కంటికి పోగు ఆనక, మోకాళ్ళు వంగక దిగాడు. చెక్కలు కప్పిన గుంట పక్కనే పడక. ఏనాటికైనా ఇల్లు బాగుచేయిస్తారు, అప్పుడు దాన్ని పూడుస్తారు అన్నది ఆయన ఎవరికీ చెప్పుకోని ఆశ.

ఆ మధ్యాహ్నం వీరయ్య వెళ్ళాక, నర్సవ్వ కర్పూరం వేసిన నూనెతో ఆయన మోకాళ్ళు రుద్దుతుంటే నోరు విప్పాడు. గుంట పూడిపిస్తే మంచిగుండునని. ఆమె చెయ్యి ఆగింది. ఆగి మళ్ళీ రుద్దింది.

"గా మాట నాకెందుకు చెప్తవ్? ఇన్నేండ్లు నీ పక్కన కూసుండి కండెలు సుట్టిన, నీ కాళ్ళ సంగతి నాకెరుక లేదా? కొడుకుకు చెప్పు."

కొడుకుకు చెప్పడంలోనే ఉంది చిక్కంతా. రాజేశ్ సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతాడు. తాతల నాటి విద్య తన దగ్గర ఆగిపోయిందన్న గుబులు వాడికి ఉంది. నలుగురిలో ఎవరైనా మీ బాపు తర్వాత ఎవరు నేస్తరు అంటే, ముఖం చిన్నబుచ్చుకుంటాడు. చిన్నప్పుడు ఒకసారి తండ్రి భోజనానికి లేచిన సందు చూసి గుంటలో దిగి, పడుగులోంచి పోగును అటూ ఇటూ నడిపే నాడె పట్టుకున్నాడు. సాంబయ్య పళ్ళెం వదిలేసి వచ్చి వీపు మీద రెండు చరిచి బయటికి లాగాడు. ఇంకెప్పుడూ వాడు మగ్గం ముట్టలేదు. ఇప్పుడు ఈ అద్దాలు, లైట్లు వాడు తండ్రికి పెట్టుకుంటున్న దండం. ఆ దండాన్ని తోసేయడం సాంబయ్యకు చేతకాలేదు.

టైల్సు ఎంచడానికి రాజేశ్ తండ్రిని బండి మీద ఎక్కించుకుని తీసుకుపోయాడు. దారిలో చెబుదామనుకున్నాడు సాంబయ్య. బండి చప్పుడులో వినపడదని ఊరుకున్నాడు. దుకాణంలో కొడుకు మెరూన్ రంగు పట్టీ తీసి నేల మీద పరిచి, నీ గుంట సుట్టు గిది ఏద్దాం బాపు, ఎట్లుంటది అని అడిగాడు. నీ గుంట అన్నాడు. కొనిపెట్టిన చొక్కా చూపించినట్టు చూస్తున్నాడు ముఖంలోకి. మంచిగున్నది అన్నాడు సాంబయ్య. తిరిగి వస్తుంటే, మగ్గం మళ్ళీ ఎక్కుతది బాపు, నువ్వు ఆదివారం ఆదివారం కూసుంటె చాలు అని వాడు చెబుతూనే ఉన్నాడు. తండ్రి వెనక కూర్చుని ఊ కొట్టాడు.

పని మొదలైంది. ముందరర్రలో బండలు ఒక్కొక్కటే లేచిపోయాయి. కింద నల్లమట్టి, పాత వానల వాసన. ఇంట్లో అడుగు పెట్టే చోటు లేక అందరూ వెనకర్రలో సర్దుకున్నారు. వాకిట్లో అరుగు ఎత్తడానికి మొరం కుప్పగా పడింది. అర్రంతా తవ్విపోసినా, గుంట ఒక్కటే చెక్కు చెదరకుండా మిగిలింది. చుట్టూ నేల లేకపోవడంతో అది ఇంకా పెద్దగా కనిపించింది.

మూడోనాడో నాలుగోనాడో అద్దాల దుకాణం మనిషి టేపు పట్టుకుని వచ్చాడు. అద్దం ఎంత దూరంలో ఆపాలన్నది వాళ్ళకు తేలలేదు. నేసేటప్పుడు మోచేతులు ఎంతదాకా చాస్తాయో తెలియాలి. రాజేశ్ తండ్రిని పిలిచాడు.

"బాపూ, ఒక్కసారి దిగి కూసుంటవా? కొలత తీస్కుంటడు."

సాంబయ్య వీరయ్య భుజం పట్టుకుని కాళ్ళు లోపలికి దించాడు. కూర్చున్నాడు. అలవాటు చొప్పున చేతులు వాటంతట అవే రెండు వైపులా చాచుకున్నాయి. అద్దాల మనిషి కొలిచాడు. స్నేహ ఫోన్లో ఫోటో తీసి, మామయ్యా, కొంచెం నవ్వండి అంది. ఆయన నవ్వాడేమో, ఆమెకు నచ్చింది. కొలత అయిపోయాక లేవబోయాడు. అంచు మీది మట్టి రాలి జారి, గుంట అడుగున నిలబడిపోయాడు. నడుము వరకు లోపలున్నాడు. కాలు ఎత్తి పైన పెట్టాలంటే మోకాలు మడవలేదు. ఇంకో కాలు ప్రయత్నించాడు. అదీ అంతే.

రాజేశ్ గబగబా వచ్చి రెండు చేతులూ చాచాడు. చంకల్లో పట్టి లేపడానికి వంగాడు. సాంబయ్య ఆ చేతులు పక్కకు తోశాడు.

"లేపకుర. మొరం పొయ్యి."

ఎవరికీ అర్థం కాలేదు. వీరయ్య వచ్చే నవ్వును ఆపుకున్నాడు. నర్సవ్వ మాత్రం వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది.

"ఏంది బాపు?"

"గీ గుంట నాకొద్దు. ఎన్నడు వద్దనే ఉండె. పూడ్సెయ్యి."

అద్దాల మనిషి టేపు చుట్టుకుంటూ వాకిట్లోకి తప్పుకున్నాడు. రాజేశ్ చాచిన చేతులు వెనక్కి తీసుకున్నాడు. తర్వాత గుంట అంచున, మట్టిలోనే కూర్చున్నాడు. గుడి అన్నవు గదా బాపు అన్నాడు. సంఘంవాళ్ళు చెప్పమన్నారని, చెప్పానని, శాలువా కప్పినాక కాదంటే బాగుండదని ఊరుకున్నానని సాంబయ్య చెప్పాడు. ఈ మాటలు చెప్పడానికి ఆయన ఆయాసపడ్డాడు. ఇంత పొడుగు మాట ఆయన ఇంట్లో మాట్లాడి చాలా కాలమైంది.

"నేను నీకోసమే చేస్తున్న అనుకున్న."

"ఎరుకే. అందుకే నోరు రాలే."

రాజేశ్ ఒక మట్టిగడ్డ తీసి వేళ్ళతో నలిపాడు. తర్వాత, తల ఎత్తకుండా, ఇన్నేళ్ళుగా మింగుతూ వచ్చిన మాట అడిగాడు.

"నేను నేర్సుకోలేదని నీకు కోపమున్నదనుకున్న. ఆనాడు నాడె వట్టుకున్నందుకే కొడ్తివి. నా చెయ్యి పనికిరాదని కొట్టినవనుకున్న."

సాంబయ్య కొడుకు ముఖంలోకి చూశాడు. వాడు అంచున కూర్చోవడంతో ఇద్దరి కళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

"నీ చెయ్యి మంచిగ తిరిగిందిర. గందుకే భయమైంది. నేర్సుకుంటవని కొట్టిన."

స్నేహ ఫోను కొంగులో దాచుకుంది, అందులో ఏదో తప్పు ఉన్నట్టు. రాజేశ్ లేచాడు. కళ్ళు తుడుచుకోలేదు, బయటికి పోయి అద్దాల మనిషితో ఏదో మాట్లాడి పంపించేశాడు. తిరిగి వచ్చినప్పుడు వాడి నెత్తి మీద మొరం తట్ట ఉంది. కూలివాళ్ళు ఉండగా ఇంటి మనిషి తట్ట మోయడం ఏమిటని వీరయ్య అడ్డుపడబోయి, ఎందుకో మానుకున్నాడు.

"ముందు బయటికి రా బాపు, మొరం తర్వాత పోద్దాం."

"నువ్వు పొయ్యి. నేనొస్త."

నర్సవ్వ గడపలోంచి, మొండి ముసలోడా, కాళ్ళు మట్టిలో కూరుకుపోతాయి అని తిట్టింది. సాంబయ్య పక్కకు జరిగి నిలబడ్డాడు. రాజేశ్ మెల్లగా, తండ్రి కాళ్ళ మీద పడకుండా ఒక వారగా పోశాడు. సాంబయ్య ఒక కాలు ఎత్తి మొరం మీద పెట్టాడు, తొక్కాడు. రెండో కాలూ పెట్టాడు. ఇంత ఎత్తుకు మోకాలు ఒప్పుకుంది. ఆయన ఖాళీ చేసిన వైపు రాజేశ్ పోశాడు, ఆయన మళ్ళీ అటు మారాడు. నర్సవ్వ తిడుతూనే చెంబుతో నీళ్ళు తెచ్చి చిలకరించింది. ఒకప్పుడు ఆ గుంటలోంచి నీళ్ళు తోడి పోసింది కూడా ఆమే. తట్ట వెంట తట్ట. ఎర్రమొరం తడిసి అడుగున కాళ్ళకు గట్టిగా తగులుతోంది. తొక్కుడు కర్ర అయితే తొక్కిన కొద్దీ కిందికి పోయేది. ఈ మొరం పోలేదు.

ముందు తొడలు బయటికి వచ్చాయి. తర్వాత మోకాళ్ళు. వీరయ్య చెయ్యి ఇస్తానన్నా వద్దన్నాడు. పిక్కలు వచ్చాయి. అప్పుడు ఆయనకు కిటికీ అవతల ఏముందో కనిపించింది. గుంటలో కూర్చుని కిటికీలోంచి చూస్తే ఆకాశం ముక్క తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. ఇప్పుడు సందు కనిపిస్తోంది, ఎదురింటి మెట్లు కనిపిస్తున్నాయి, మెట్ల మీద ఎండబెట్టిన మిరపకాయలు కనిపిస్తున్నాయి. సాంబయ్య వాటిని అట్లాగే చూస్తూ ఉండిపోయాడు. రాజేశ్ ఇంకో తట్ట తెచ్చి, పోయనా వద్దా అన్నట్టు ఆగాడు.

"పొయ్యుర్రి" అన్నాడు వీరయ్య. "నేల మీదికి కొంచెం లేవాలె. ఎట్లైన ఇంత దిగుతది. వానలు పోయినంకనే టైల్సు. గా పట్టీ గిట్ట దుకాణంల వాపస్ ఇచ్చెయ్యి."

చివరి తట్ట పడింది. సాంబయ్య దాన్నీ తొక్కాడు. ఆయన నిలబడ్డ చోటు ఇప్పుడు మిగతా అర్ర కంటే కాస్త ఎత్తుగానే ఉంది. దిమ్మిస కొట్టాలి, జరుగు సాంబన్నా అన్నాడు వీరయ్య. ఆయన వెంటనే జరగలేదు. స్నేహ దగ్గరికి వచ్చి, బడి పిల్లలకు తాను ఏదో చెప్పుకుంటానని, మామయ్య దిగులు పడొద్దని మెల్లగా అంది. ఆయన ఆమె మోచేతి మీద మాసిన బొబ్బ మచ్చను చూసి, నొప్పి తగ్గిందా బిడ్డా అని అడిగాడు. పడి ఇన్నాళ్ళయినా ఆ మాట ఆయన అడగలేదని ఇద్దరికీ అప్పుడే తోచింది.

తర్వాత పక్కకు ఒక అడుగు వేశాడు. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. ఇంకో అడుగు వేసి, వాకిలి వైపు నడిచాడు. మోకాళ్ళ దాకా ఎర్రమట్టి.

"కాళ్ళు కడుక్కో" అంది వెనక నుంచి నర్సవ్వ, "ఇల్లంత మట్టి జేస్తున్నవ్."

ఇంట్లో మట్టి తప్ప ఇంకేం లేదప్పుడు. సాంబయ్య ఆగి, ఆమె వైపు తిరిగి, కడుక్కుంట అన్నాడు. కడప దాటి సందులోకి పోయాడు.